రాతిపువ్వు సారం సురక్షితమేనా? ఏ చేప మీద, ఏ వయసులో పరీక్షించాలి

“అక్కా, రాతిపువ్వు సారం తీసేశాను, ఇక జీబ్రా చేపల మీద పెట్టేస్తే సరిపోతుంది కదా?”

ప్రాజెక్టుల సీజన్ మొదలవగానే ఈ ఫోన్ నాకు తప్పకుండా వస్తుంది. అడిగేవాళ్లు ఎమ్మెస్సీ జువాలజీ, బయోటెక్నాలజీ, ఫార్మసీ పిల్లలు. వాళ్ల ఉత్సాహం చూస్తే ముచ్చటేస్తుంది గానీ, ఆ “సరిపోతుంది కదా” దగ్గరే నాకు టెన్షన్ మొదలవుతుంది. చేప మారినా, దాని వయసు మారినా, సారాన్ని దేంట్లో కరిగించామన్నది మారినా ఫలితం మారిపోతుంది. అదే సారం ఒకచోట ఏమీ చేయనట్టు కనిపిస్తుంది, ఇంకోచోట తెల్లారేసరికి ఇరవై గుడ్లూ తెల్లగా గడ్డకట్టి ఉంటాయి. అందుకే ఏ చేప ఎప్పుడు పనికొస్తుందో, ఎప్పుడు మోసం చేస్తుందో నాకు తెలిసినంత వరకు ఒకచోట రాసి పెడుతున్నాను. నా ఓటు జీబ్రా చేప పిండానికే. కానీ అన్ని ప్రశ్నలకీ అదే జవాబు కాదు.

అసలు భయం ఎందుకు

లైకెన్ అంటే శిలీంధ్రమూ శైవలమూ కలిసి బతికే జీవి. మన వంటింట్లో ఉన్నదే, బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు, హైదరాబాద్‌లో పత్తర్ కా ఫూల్ అంటారు, అరవవాళ్లు కల్పాసి అంటారు. ఎక్కువగా అది పర్మోట్రీమా పెర్లాటమ్ అనే లైకెన్. ఇన్నేళ్లుగా తింటున్నాం కదా, ఇంక పరీక్ష ఎందుకు అని అడిగేవాళ్లుంటారు. కుండెడు బిర్యానీలో రెండు రేకులు వేయడం వేరు, పావు కిలో పొడిని అసిటోన్‌లో నానబెట్టి దాని సారమంతా పిండి చిన్న సీసాలో పెట్టడం వేరు. మొదటిది వాసన కోసం వేసే దినుసు, రెండోది మందు మోతాదులో ఉన్న రసాయనం.

లైకెన్ రసాయనాలు ఎంత పని చేస్తాయో చెప్పడానికి అస్నిక్ ఆమ్లం ఒక్కటి చాలు. చెట్టు కొమ్మల నుంచి గడ్డంలా వేలాడే ఉస్నియా లైకెన్లలో ఇది పుష్కలంగా ఉంటుంది. బ్యాక్టీరియాను చంపుతుందని దీనికి పాత పేరుంది. అదే అస్నిక్ ఆమ్లపు సోడియం లవణాన్ని అమెరికాలో లిపోకైనెటిక్స్ అనే బరువు తగ్గించే మాత్రల్లో కలిపారు, వాడినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతింది, 2001 నవంబరులో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ మాత్రలు వాడొద్దని హెచ్చరించింది. ఆ మాత్రల్లో కెఫీన్ లాంటివి ఇంకా ఉన్నాయి కాబట్టి తప్పంతా ఒక్క అస్నిక్ ఆమ్లానిదే అనలేం. కానీ అది కణంలో మైటోకాండ్రియా శక్తి తయారీని దారి తప్పిస్తుందన్నది బాగా తెలిసిన సంగతే. ఇంకో లైకెన్ రసాయనం వల్పినిక్ ఆమ్లం. అది ఉన్న పసుపుపచ్చ లైకెన్‌ను ఉత్తర యూరప్‌లో ఒకప్పుడు తోడేళ్లకు పెట్టే విషపు ఎరల్లో కలిపేవారు. మరోవైపు, ఆ చలిదేశాల్లోనే రెయిన్‌డీర్లు చలికాలమంతా లైకెన్లు మేసి బతుకుతాయి. కాబట్టి “లైకెన్ మంచిదా చెడ్డదా” అన్న ప్రశ్నకు అర్థమే లేదు. ఏ లైకెన్, అందులో ఏ రసాయనం, ఎంత, ఎవరికి అని అడగాలి.

ఒక ఊరట మాట కూడా చెప్పాలి. మన రాతిపువ్వులో ప్రధానంగా చెప్పుకునేవి అట్రనోరిన్, స్టిక్టిక్ ఆమ్లం. అస్నిక్ ఆమ్లం కథ చదివి బిర్యానీ మానేయక్కర్లేదు. అయితే కిరాణా కొట్లో రాతిపువ్వు పేరుతో అమ్మేది ఒకే జాతి కాదు, దానిలాగే కనిపించే ఇంకొన్ని లైకెన్లు కలిసి వస్తాయి. పైగా లైకెన్‌కు వేర్లుండవు, గాల్లో ఏది ఉంటే దాన్నే పీల్చుకుని దాచుకుంటుంది, సీసం లాంటి లోహాలతో సహా. గాలి కాలుష్యాన్ని కొలవడానికి లైకెన్లను వాడేది అందుకే. మీ చేపపిల్లలు చచ్చిపోతే అది లైకెన్ రసాయనం వల్లా, రోడ్డు పక్క పొగ వల్లా అన్నది తేల్చుకోవాలంటే నమూనాను ముందు లైకెన్లు తెలిసినవాళ్లకు చూపించి జాతి గుర్తింపు చేయించండి, వీలైతే లోహాల పరీక్ష కూడా చేయించండి. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధనా సంస్థ ఎన్‌బీఆర్ఐలో లైకెన్ల మీద దశాబ్దాలుగా పని జరుగుతోంది, అక్కడి హెర్బేరియం, అంటే ఎండబెట్టి దాచిన నమూనాల భాండారం, ఇలాంటి గుర్తింపుకే. ఈ మెట్టు దాటకుండా చేప గురించి ఆలోచించడం దండగ.

ముందు ప్రశ్న, తర్వాత చేప

ఫోన్ చేసిన ప్రతివాళ్లనీ నేను మొదట అడిగేది ఇదే: సారం చివరికి ఎక్కడికి పోతుంది? మనిషి కడుపులోకా, చర్మం మీదికా, లేక కడిగేస్తే కాలవలోకీ చెరువులోకీనా?

చెరువులోకి పోయేదైతే చేపే అసలు బాధితురాలు, అప్పుడు చేప మీద చేసే పరీక్ష సూటిగా జవాబిస్తుంది. మనిషి కడుపులోకి పోయేదైతే చేప ఒక మధ్యవర్తి మాత్రమే. చేప ఆ సారంలో మునిగి ఉంటుంది, మనం దాన్ని మింగుతాం, ఈ రెండూ ఒకటి కావు. నీళ్లలో మొప్పల ద్వారా, చర్మం ద్వారా లోపలికి పోయే మోతాదును మనిషి తినే మిల్లీగ్రాములకు మార్చే తిన్నని సూత్రం లేదు. కాబట్టి ఆహారం, మందు ప్రశ్నలకు చేప పరీక్ష మొదటి జల్లెడ. అందులో ఆగిపోయినవాటిని పక్కన పెట్టొచ్చు. కిందికి దిగినవాటికి మాత్రం ఎలుకల మీద నోటి ద్వారా ఇచ్చే పరీక్షలు ఇంకా మిగిలే ఉంటాయి.

జీబ్రా చేప పిండం

ఇది మన ఉపఖండపు చేపే. ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే ఆయన 1822లో గంగానది చేపల గురించి రాస్తూ దీన్ని వర్ణించాడు. అక్వేరియం షాపుల్లో నీలం చారలతో చకచకా తిరిగే ఆ చిన్న చేపే. అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ దీన్ని ప్రయోగశాల జీవిగా నిలబెట్టాడు, 1981లో వచ్చిన ఆయన పరిశోధనా పత్రం దగ్గర్నుంచి దీని దశ తిరిగింది. 2013లో దీని జన్యుపటం పూర్తిగా బయటికొచ్చినప్పుడు, మనిషి జన్యువుల్లో సుమారు 70 శాతానికి ఈ చేపలో సాటి జన్యువు ఉందని తేలింది. మన దగ్గర హైదరాబాద్‌లోని జీవకణ పరిశోధనా సంస్థ సీసీఎంబీలోనూ జీబ్రా చేపల మీద పని జరుగుతుంది, కాబట్టి నేర్చుకోవాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు.

దీని గొప్పతనం గుడ్డులో ఉంది. పొద్దున్నే లైటు వెలగగానే గుడ్లు పెడుతుంది, ఒక జత నుంచి వందకు పైగా రావచ్చు. గుడ్డు గాజులా ఉంటుంది, లోపల జరిగేదంతా మామూలు మైక్రోస్కోపులోనే కనిపిస్తుంది. ఒక రోజు గడిచేసరికి గుండె కొట్టుకోవడం మొదలవుతుంది, రెండు మూడు రోజుల్లో పిల్ల బయటికొస్తుంది, అయిదు రోజుల వరకూ పచ్చసొన మీదే బతుకుతుంది కాబట్టి మేత పెట్టే పని లేదు. మొదటిసారి ఆ చిన్ని గుండె టక్‌టక్‌మని కొట్టుకోవడం చూసిన రోజు నేను లంచ్ కూడా మర్చిపోయాను.

దీనికి ఓఈసీడీ వాళ్లు, అంటే రసాయనాల పరీక్షకు ఉమ్మడి పద్ధతులు రాసే దేశాల కూటమి, 2013లో ఇచ్చిన 236వ నంబరు పద్ధతి ఉంది. కొత్తగా ఫలదీకరణ చెందిన గుడ్లు, ఒక్కో గాఢతకు ఇరవై, 24 గుంటల పళ్లెంలో గుంటకొకటి చొప్పున, 26 డిగ్రీల దగ్గర 96 గంటలు ఉంచుతారు. రోజూ నాలుగు విషయాలు చూస్తారు: గుడ్డు గడ్డకట్టిందా, శరీర ఖండాలు ఏర్పడలేదా, తోక పచ్చసొన నుంచి విడివడలేదా, గుండె ఆగిందా. నాలుగింట్లో ఏ ఒక్కటి కనిపించినా చనిపోయినట్టే లెక్క. మామూలు నీళ్లలో ఉంచిన గుడ్లు కనీసం 90 శాతం బతకాలి, విషమని ముందే తెలిసిన 3,4-డైక్లోరోఅనిలీన్ లీటరుకు 4 మిల్లీగ్రాములు వేసిన గుడ్లలో కనీసం 30 శాతం చావాలి. ఈ రెండూ కుదరకపోతే ఆ ప్రయోగం చెల్లదు. చాలా ప్రాజెక్టు రిపోర్టుల్లో ఈ రెండో కంట్రోల్, అంటే పోలిక కోసం పెట్టే ఈ విషపు గుడ్ల బ్యాచ్, అసలు కనిపించదు. అది లేకపోతే మీ గుడ్లకు విషాన్ని పసిగట్టే శక్తి ఉందో లేదో మీకే తెలియదు. దయచేసి వదిలేయకండి.

సారం ఎంత కావాలి, ఈ లెక్క వేసి చూడండి

లైకెన్ విషయంలో నన్ను పిండం వైపు తిప్పింది ఈ లెక్కే. ఎక్కువ గాఢత లీటరుకు 100 మిల్లీగ్రాములు అనుకుందాం, అక్కడి నుంచి సగం సగం చేస్తూ అయిదు గాఢతలు, రోజూ నీళ్లు మార్చడం, నాలుగు రోజులు.

పిండాలైతే గుంటకు 2 మిల్లీలీటర్లు, ఇరవై గుంటలకు 40. అయిదు గాఢతలకూ నాలుగు రోజులకూ కలిపి సుమారు 31 మిల్లీగ్రాముల సారం చాలు. చిటికెడు కూడా కాదు.

పెరిగిన జీబ్రా చేపలైతే గాఢతకు కనీసం ఏడు చేపలు కావాలి, ఒక్కోటి అర గ్రాములోపే ఉన్నా లీటరు నీళ్లకు గ్రాము చేప కూడా మించకూడదు కాబట్టి మూడు లీటర్లు పడుతుంది. మొత్తం సారం 2 గ్రాములు దాటుతుంది.

అయిదు గ్రాముల రోహు పిల్లలైతే గాఢతకు కనీసం 35 లీటర్లు, మొత్తం 27 గ్రాముల సారం. వంద గ్రాముల లైకెన్ పొడి నుంచి అయిదు గ్రాముల సారం వచ్చిందనుకున్నా అర కిలోకు పైగా లైకెన్ కావాలి, అదీ ఒక్కసారి ప్రయోగానికి. మూడుసార్లు చేయాలి కదా మరి.

ఆకుల్లాంటి లైకెన్లు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతాయి. రాయి మీద అరచేయంత పెరగడానికి ఎన్నేళ్లు పట్టి ఉంటుందో ఊహించండి. అరకు వైపో నల్లమలలోనో కొండకెళ్లి సంచెడు గీక్కొచ్చి, రోహు పిల్లల తొట్టెలో కలిపేయడం నాకు మనసొప్పదు. అడవిలో ఏది సేకరించినా అటవీశాఖ అనుమతి ఉండాలన్న సంగతి అలా ఉంచితే, అంత నష్టం చేసి తెచ్చుకునే సమాచారం కూడా ఎక్కువేమీ కాదు.

పిండం మోసం చేసే చోట్లు

నేను సొంతంగా దెబ్బతిన్న సంగతి చెబుతాను. చదువుకునే రోజుల్లో మా ల్యాబ్‌లో ఉస్నియా సారం మీద పని చేశాను. లీటరుకు 10 నుంచి మొదలుపెట్టి 500 మిల్లీగ్రాముల వరకూ వెళ్లాను. ఆశ్చర్యంగా 500 దగ్గర కూడా పిండాలు నిక్షేపంగా ఉన్నాయి. 500 వరకూ సురక్షితం అని పోస్టర్ కూడా వేసేశాను. రెండు వారాల తర్వాత ఫొటోల కోసం పళ్లెం అడుగున ఫోకస్ పెడితే, గుంట అడుగంతా పసుపుపచ్చ సూదుల్లాంటి స్ఫటికాలు. సారం నీళ్లలో కరగలేదు, అడుగున కూర్చుంది, పిండాలు పైన దాదాపు మంచినీళ్లలోనే హాయిగా ఈదాయి. నేను 500 అని రాసుకున్న చోట నిజంగా ఎంత కరిగిందో ఆ దేవుడికే తెలియాలి. పోస్టర్ చూసి మెచ్చుకున్న ప్రతి ఒక్కరి దగ్గరికీ వెళ్లి తప్పు చెప్పుకోవాల్సి వచ్చింది, ఇప్పటికీ అది తలుచుకుంటే గొంతులో ఏదో అడ్డం పడ్డట్టుంటుంది. లైకెన్ రసాయనాలు చాలావరకు నీళ్లంటే గిట్టనివి. కాబట్టి చేప ఏదైనా సరే, ప్రతి గుంటనూ కాంతి కింద చూడండి, పొగమంచులా ఉన్నా రేణువులు కనిపించినా ఆ గాఢతను లెక్కలోంచి తీసేయండి. ద్రవంలో ఏ రసాయనం ఎంత ఉందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం అందుబాటులో ఉంటే నీళ్లలో నిజంగా ఉన్నది ఎంతో మొదట్లోనూ 24 గంటలకూ కొలవండి. అది కుదరకపోతే “వేసిన గాఢత” అని మాత్రమే రాయండి, “ఉన్న గాఢత” అనకండి.

కరగడం లేదని డీఎంఎస్ఓ అనే కరిగించే ద్రవం ఎక్కువ పోయడం ఇంకో తప్పు. ఓఈసీడీ పద్ధతి లీటరుకు 100 మైక్రోలీటర్లు, అంటే 0.01 శాతమే ఒప్పుకుంటుంది. మందుల ల్యాబుల్లో 0.1 శాతం నుంచి 1 శాతం వరకూ వాడేవాళ్లున్నారు. ఎంత వాడినా అన్ని గాఢతల్లోనూ ఒకేలా ఉండాలి, డీఎంఎస్ఓ మాత్రమే ఉన్న గుంటలు వేరుగా ఉండాలి. అసిటోన్‌తోనో మిథనాల్‌తోనో సారం తీస్తే అది పూర్తిగా ఆరిందని తూకంతో తేల్చుకోండి, వాసన చూసి కాదు. ఇవి ఆమ్లాలు కాబట్టి పీహెచ్ కూడా పడిపోతుంది, 6.5 కంటే కిందికి దిగితే మీరు చూస్తున్నది లైకెన్ ప్రభావం కాదు, పులుపు ప్రభావం.

ఇంతకంటే పెద్ద మోసం కాలేయం దగ్గర ఉంది. ఈ మాట ఎవరూ గట్టిగా చెప్పరు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. అస్నిక్ ఆమ్లం కథలో దెబ్బతిన్నది కాలేయం. జీబ్రా పిండంలో కాలేయం మొదటి రెండు రోజుల్లో పనిచేసే స్థితిలో ఉండదు, మూడో రోజు తర్వాతే కాస్త ఊపందుకుంటుంది. 96 గంటల పరీక్షలో ఎక్కువ భాగం కాలేయమే సరిగ్గా లేని జీవి మీద జరుగుతుందన్నమాట. కాలేయం మార్చేస్తేనే విషమయ్యే రసాయనం ఇందులో తప్పించుకోవచ్చు. ఉల్టాగా, కాలేయం విరిచి పడేయాల్సిన రసాయనం విరగక ఎక్కువ హాని చేసినట్టు కనిపించొచ్చు. అందుకే మనిషి భద్రత మీ ప్రశ్న అయితే మామూలు పరీక్షతో పాటు ఇంకో బ్యాచ్ పెట్టండి: ఆరోగ్యంగా పొదిగిన లార్వాలను మూడో రోజు నుంచి అయిదో రోజు వరకూ సారంలో ఉంచి, కాలేయం పరిమాణం తగ్గిందా, పారదర్శకంగా ఉండాల్సింది మసకబారిందా, పచ్చసొన ఖర్చు కాకుండా మిగిలిపోయిందా చూడండి. కాలేయం మాత్రమే ఎర్రగా మెరిసేలా జన్యువు మార్చిన జీబ్రా చేపలూ ఉన్నాయి. పెద్ద ల్యాబ్‌తో కలిసి పనిచేస్తే అవి దొరుకుతాయి, చూడటం సగం తేలికవుతుంది.

అయిదో రోజు ఎందుకు గీత అంటే, లార్వా సొంతంగా మేత తినడం అప్పుడే మొదలవుతుంది. యూరప్ చట్టం ప్రకారం అక్కడి నుంచి అది రక్షణ ఉన్న ప్రయోగ జంతువు. మన దగ్గర నియమం సంగతి మీ సంస్థలోని జంతు నైతిక కమిటీని ముందే అడగండి, ప్రయోగం అయ్యాక కాదు. నొప్పి తెలిసే జీవి అని తెలిసాక అనవసరంగా ఒక్క చేపను కూడా వాడకూడదన్నది నా పట్టుదల.

పెద్ద చేప ఎప్పుడు

సారం నేరుగా నీళ్లలోకి పోయే వస్తువు అయితే, అంటే చేపల తొట్టెలో బ్యాక్టీరియా జబ్బులకు లైకెన్ సారం వాడాలని మీ ఆలోచన అయితే, అప్పుడు రోహు, కట్ల పిల్లల మీద పరీక్ష అర్థవంతమే. కైకలూరు, భీమవరం వైపు రైతు చెరువులో వేసేది ఆ పిల్లల మీదే కదా, జీబ్రా చేప బతికిందని చెబితే ఆయనకేం ఉపయోగం. దీనికి ఓఈసీడీ 203వ నంబరు పద్ధతి చూడండి, 2019లో దాన్ని సవరించారు, 96 గంటలు, గాఢతకు కనీసం ఏడు చేపలు. కానీ అక్కడ కూడా ముందు పిండాల మీద చేసి ప్రమాదపు గాఢత సుమారుగా ఎక్కడుందో తెలుసుకుని, పిల్లల మీద ఆ చుట్టుపక్కల మాత్రమే చేయండి. సారమూ మిగులుతుంది, చేపలూ మిగులుతాయి. హేచరీ నుంచి తెచ్చిన పిల్లల్ని ప్రయాణం బడలిక తీరకుండానే తొట్టెలో పడేయొద్దు, కనీసం వారం పైన అలవాటు పడనివ్వాలి. ఈలోగా ఎక్కువ పిల్లలు చనిపోతుంటే ఆ బ్యాచ్‌నే వదిలేయాలి.

పెరిగిన జీబ్రా చేప వీటి మధ్యలో ఉంటుంది. ప్రవర్తన మార్పులు, ఉపరితలానికొచ్చి గాలి మింగడం, తలకిందులవడం, మొప్పల్లో మార్పులు, ఇవి చూడాలంటే బాగుంటుంది. మేతలో కలిపి నోటి ద్వారా ఇవ్వొచ్చన్నది దీనికున్న అసలు లాభం, ఎందుకంటే ఆహార ప్రశ్నకు ఇది మిగతావాటికంటే దగ్గర. అయితే అక్వేరియం షాపు నుంచి తెచ్చినవాటికి ఏ జబ్బులున్నాయో, వంశం ఏదో తెలియదు. గుడ్ల కోసమైతే షాపు చేపల్ని ఒకటి రెండు తరాలు మీ దగ్గరే పెంచి వాడితే సర్దుకుపోవచ్చు. నేరుగా ప్రయోగంలో పెట్టాలంటే మాత్రం ఏబీ, ట్యూబింగెన్ లాంటి తెలిసిన వంశాల చేపలు దొరికే ల్యాబ్‌ను అడగడం మేలు.

మెడాకా, ట్రౌట్, గప్పీ

మెడాకా జపాన్ చేప. 1994లో అంతరిక్షంలోకి వెళ్లి అక్కడే గుడ్లు పెట్టి పిల్లల్ని కన్న చేప ఇదే. పిండం బయటికి రావడానికి ఏడెనిమిది రోజులు పడుతుంది కాబట్టి సారాన్ని ఎక్కువ రోజులు ఉంచి చూడొచ్చు, ఆడ మగ తేడా జన్యువుతోనే తెలిసిపోతుంది. జీబ్రా చేపకు ఆ సౌకర్యం లేదు. హార్మోన్ల మీద ప్రభావం మీ ప్రశ్న అయితే మెడాకా వైపు చూడండి. ఉప్పునీటిని కూడా తట్టుకుంటుంది. దాని దగ్గరి బంధువులు మన తూర్పు తీరపు ఉప్పుటేర్లలో కూడా ఉన్నాయి. ఇబ్బందేంటంటే గుడ్లు దారాలతో ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, విడదీయడం ఓపిక పని, పైపొర కూడా గట్టిది. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు నాలుగు నెలలే ఉంటే వద్దనే చెబుతాను.

రెయిన్‌బో ట్రౌట్ చల్లనీటి చేప, మన ఎండలకు దాన్ని బతికించడానికయ్యే కరెంటు ఖర్చుతోనే ప్రాజెక్టు అయిపోతుంది. కానీ దాని మొప్ప కణాలను పళ్లెంలో పెంచే ఆర్‌టీగిల్-డబ్ల్యూ1 అనే కణాల వరుస ఉంది, 2021లో ఓఈసీడీ 249వ నంబరు పద్ధతిగా ఒప్పుకుంది. 24 గంటల్లో ఫలితం వస్తుంది, చేపను చంపే పని లేదు, సారం కూడా కొద్దిగానే చాలు. కణాల పెంపకం తెలిసిన ల్యాబ్ మీదైతే చేపల కంటే ముందు ఇదే చేయమంటాను. అయితే కణానికి కాలేయం ఉండదు, గుండె ఉండదు. “మొప్ప కణం తట్టుకుంది” అన్నంత వరకే దాని మాట.

గప్పీ పిల్లల్నే కంటుంది, గుడ్లు బయట పెట్టదు, కాబట్టి పిండాన్ని చూసే వీలే లేదు. దోమల కోసం మునిసిపాలిటీ వాళ్లు వదులుతారు కాబట్టి తేలిగ్గా దొరుకుతుంది, దొరకడమే కారణంగా ఎంచుకునే చేప ఇది. దీన్ని ఎంచుకోకండి.

ఇవేవీ లేని కాలేజీ అయితే ఆర్టీమియా అనే ఉప్పునీటి చిట్టి రొయ్యలాంటి జీవితో మొదలుపెట్టండి. రొయ్యల హేచరీలున్న నెల్లూరు, తీర జిల్లాల్లో దాని గుడ్ల డబ్బాలు దొరకడం కష్టం కాదు, ఉప్పునీళ్లలో వేస్తే ఒకటి రెండు రోజుల్లో పొదుగుతాయి. అది చేప కాదు, దాన్ని చూసి భద్రత గురించి ఏమీ తేల్చలేం. చేపల దగ్గర ఏ గాఢత నుంచి మొదలుపెట్టాలో మాత్రం ఒక అంచనా ఇస్తుంది.

మరి ఎంచుకోవడం ఎలా

కొట్లో కొన్న రాతిపువ్వు, కొద్ది సారం, నాలుగు నెలల గడువు, “ఆహారంలో సారంగా వాడితే ప్రమాదమా” అన్న ప్రశ్న: జీబ్రా పిండం 96 గంటలు, దాంతో పాటు మూడు నుంచి అయిదు రోజుల కాలేయ బ్యాచ్. ఇది దాటితే మేతలో కలిపి పెరిగిన జీబ్రా చేపలకు, ఆ తర్వాతే ఎలుకలు. ఫేస్‌ప్యాక్‌లోనో సబ్బులోనో వాడే సారమై, కడిగితే నీళ్లలోకి పోతుందంటే మొప్ప కణాలు, జీబ్రా పిండం, రెండూ చాలు. చెరువులో చేపల జబ్బుకు మందంటే పిండంతో గాఢత వెతికి, రోహు పిల్లల మీద రూఢి చేసుకోండి. క్యాన్సర్ కణాల్ని చంపిందని పేపర్ రాస్తున్నవాళ్లకు మాత్రం ఒక మాట గట్టిగా: పళ్లెంలో కణాల్ని చంపిన గాఢత, పిండాన్ని చంపిన గాఢత, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ ఒకటే అయితే మీ చేతిలో ఉన్నది మందు కాదు, అన్నిటినీ చంపే విషం. ఉస్నియా జాతుల విషయంలో ఈ జాగ్రత్త రెండింతలు ఉండాలి.

ఫలితం రాసేటప్పుడు “ఈ సారం సురక్షితం” అని మాత్రం రాయకండి. దాన్ని చదివి ఎవరో ఒకరు పొడి కొట్టి మాత్రల్లో నింపుతారు. “ఈ జాతి లైకెన్ అసిటోన్ సారం, లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల వరకూ, పూర్తిగా కరిగిన స్థితిలో, జీబ్రా పిండాలకు 96 గంటల్లో చావు కలిగించలేదు” అని రాయండి. పొడుగ్గా ఉంటుంది, గైడుకు నచ్చకపోవచ్చు, పోస్టర్ మీద పట్టకపోవచ్చు. అక్షరం చిన్నది చేసైనా పట్టించండి.

మొన్న ఫోన్ చేసిన అమ్మాయి చివరికి కాలేయ బ్యాచ్ కూడా పెడతానంది. నిన్న రాత్రి పదిన్నరకు ఫొటో పంపింది, గుంట అడుగున కరగని తెల్లటి రేణువులు. గాఢత సగానికి తగ్గించి, సారాన్ని మళ్లీ డీఎంఎస్ఓలో కరిగించి, వడగట్టి చూడమన్నాను. వడగట్టాక నీళ్లలో ఎంత మిగిలిందో కొలిచేదాకా ఒక్క గుడ్డు కూడా వేయొద్దని చెప్పాను.